తెర మీద ఆగిపోయిన బక్కమ్మ

వరంగల్ కాశిబుగ్గలో కరీముద్దీన్ ఇంటి ముందు గదిలో సగం మగ్గానిదే. ఆయన జంపఖానాలు నేస్తాడు. భార్య వజీరా గోడవారన కూర్చుని రాట్నం తిప్పుతూ రంగు నూలు కండెలకు చుడుతుంది. మిగిలిన సగంలో, కిటికీ కింద, కోడలు నుస్రత్ మడతపెట్టిన జంపఖానా మీద కూర్చుని, ముందు ఇంకో మడత మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని పెళ్ళిళ్ళు కుడుతుంటుంది.

కుట్టడం అన్నది వజీరా మాట. బయట అందరూ దాన్ని మిక్సింగ్ అంటారు. నుస్రత్ భర్త మజర్ పెళ్ళిళ్ళకు వీడియో తీస్తాడు. పసుపు పెట్టిన దగ్గర నుంచి బారాత్ దాకా అతను తీసుకొచ్చినదాన్నంతా ఆమె ముక్కలు చేస్తుంది. కెమెరా వణికినవి, ఎవరి భుజమో అడ్డం వచ్చినవి తీసేస్తుంది. మంచివి కలిపి, పాట వేసి, ఇంటిల్లిపాదీ కూర్చుని చూసుకునే సినిమాలాగా చేసి ఇస్తుంది.

నుస్రత్ పుట్టిల్లు నర్సంపేట. ఇంటర్ అయ్యాక నిఖా జరిగి కాశిబుగ్గ వచ్చింది. అప్పట్లో మజర్ తన వీడియోలను హనుమకొండలో ఒక మిక్సింగ్ సెంటర్‌కి ఇచ్చేవాడు. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ బట్టలు కొనడానికి బయల్దేరి, దారిలో కాస్త పనుందని ఆ సెంటర్ దగ్గర ఆగారు. మజర్ మాట్లాడుతుంటే నుస్రత్ వెనక కుర్చీలో కూర్చుని తెర వైపు చూసింది. ఉండబట్టలేక, "అన్నా, ఇంతకు ముందు పెండ్లిపిల్ల వాళ్ళ తాతను చూసి నవ్వింది గదా, అదెందుకు తీసేసినవ్?" అని అడిగింది. ఆ సెంటరతను వెనక్కి జరిపి చూశాడు. పిల్ల నిజంగానే నవ్వింది. ఆ ముక్కను తిరిగి పెట్టి, "మల్ల ఎప్పుడొస్తవమ్మా?" అన్నాడు. ఆ రోజు బట్టలు కొనలేదు. సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నారు. తర్వాత కొన్ని నెలలు నుస్రత్ ఆ సెంటర్‌కి వెళ్ళి పని నేర్చుకుంది. పాత ల్యాప్‌టాప్ ఒకటి కొనుక్కుని ఇంట్లోనే మొదలుపెట్టింది.

సొంతంగా చేసిన మొదటి పెళ్ళిలోనే ఒక పొరపాటు జరిగింది. పురోహితుడు అరుంధతీ నక్షత్రం చూపిస్తుంటే వధూవరులు మెడలెత్తి ఆకాశంలోకి చూస్తున్నారు. ఆ ఆచారం నుస్రత్‌కు తెలియదు. పాపం ఏదో కష్టం వచ్చి దేవుణ్ణి తలుచుకుంటున్నారనుకుని, అక్కడ గుండె కరిగిపోయే ఏడుపు రాగం వేసింది. వీడియో చూసుకున్న పిల్ల తండ్రి మజర్‌కి ఫోన్ చేసి నవ్వు ఆపుకోలేక మాట్లాడలేకపోయాడు. ఆ తర్వాత ఆమె ప్రతి ఆచారం గురించీ అడిగి తెలుసుకుంది. ఇప్పుడు జీలకర్ర బెల్లం ఏ క్షణంలో పెడతారో, తలంబ్రాలప్పుడు ఎవరు ఎవరిని ఆటపట్టిస్తారో పంతులుకన్నా ముందు చెప్పగలదని మజర్ నలుగురిలో చెప్పుకుంటాడు.

పోయిన వేసవిలో నెక్కొండ దగ్గర ఒక ఊళ్ళో దీప అనే అమ్మాయి పెళ్ళి జరిగింది. మిర్చి, పత్తి వేసే రైతు కుటుంబం. వరుడు ఓంప్రకాశ్‌ది వరంగల్. పెళ్ళి అయిన మరుసటి వారం ఆదివారం సాయంత్రం వరంగల్‌లో ఒక ఫంక్షన్ హాల్లో రిసెప్షన్ పెట్టుకున్నారు. హాల్లో పెద్ద ఎల్ఈడీ తెర ఉంటుందట. వచ్చినవాళ్ళందరూ చూసేటట్టు పెళ్ళి వీడియో దాని మీద వేయాలని దీప కోరిక. మజర్ సరేనన్నాడు. నుస్రత్‌కూ అదేం పెద్ద పని కాదు.

బుధవారం పొద్దున కూర్చుంది. పసుపు, ఎదురుకోలు, తాళి అన్నీ సాఫీగా నడిచాయి. బారాత్ దగ్గరకు వచ్చేసరికి డప్పుల మధ్యలోకి ఒక ముసలమ్మ దిగింది. దీప నాయనమ్మ, పేరు బక్కమ్మ. పేరుకు తగ్గట్టే సన్నగా ఉంది. ముక్కుకు రెండు వైపులా పుల్లలు, కొంగు నడుముకు బిగించి, కుడి చెయ్యి పైకెత్తి, ఒక కాలు లేపి, నోరంతా తెరిచి నవ్వింది. అంతే. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

నుస్రత్ మౌస్ కదిలించింది. తెర మీద బాణం కదల్లేదు. కీబోర్డు మీద ఏది నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. చివరికి పవర్ బటన్ గట్టిగా ఒత్తి పట్టుకుని ఆపేసి, మళ్ళీ మొదలుపెట్టింది. కాసేపు బాగానే నడిచింది. బక్కమ్మ దిగింది, కొంగు బిగించింది, చెయ్యెత్తింది, ఆగిపోయింది.

రాట్నం తిప్పుతున్న వజీరా తల తిప్పి చూసింది.

"ఎవరే బేటా ఆమె? ఎంత సక్కగ నవ్వుతాంది."

"పెండ్లిపిల్ల నాయనమ్మ అమ్మీ. మిషన్ హ్యాంగ్ అయితాంది."

"హ్యాంగ్ అయితే అయింది తియ్. ఏడ్సెటోళ్ళ మీద ఆగకుంట నవ్వెటామె మీద ఆగింది."

ఆ రోజు ఎన్నోసార్లు అదే జరిగింది. గురువారం కూడా అంతే. ఆపి, తెరిచి, చేసినంత పని దాచుకుంటూ నుస్రత్ పోరాడింది. ఫుటేజీ అంతా వేరే డిస్కులో ఉంది కాబట్టి పోయేదేమీ లేదు. కాని పని ముందుకు సాగడం లేదు. మధ్యాహ్నానికల్లా వజీరాకు బక్కమ్మతో స్నేహం కుదిరిపోయింది. తెర ఆగినప్పుడల్లా, "మల్ల వచ్చినవా అక్కా? కాలు కింద వెట్టు, నొస్తది" అని పలకరించేది. టీ తాగేటప్పుడు కప్పు తెర వైపు చూపించి, "తాగుతవా?" అనేది. మగ్గం మీద ఉన్న కరీముద్దీన్ నేత ఆపి మరీ నవ్వేవాడు.

ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. వజీరా లెక్కలో ఇది దిష్టి. "ఇంతమంది పెండ్లిళ్ళు దాంట్ల వెడ్తివి. అందరి కండ్లు దాని మీదనే పడ్డయ్" అని, దువా చదివి ల్యాప్‌టాప్ మీద మెల్లగా ఊదింది. కరీముద్దీన్ అనుమానం కరెంటు మీద. "ఎండకాలం, అందరు కూలర్లు ఏస్తాండ్రు. వోల్టేజీ ఏడుంటది? దానికి తిండి సరిపోతలేదు." జనగామలో ఇంకో పెళ్ళి తీస్తున్న మజర్ ఫోన్లో, "ఆ బారాత్ ఫైలే ఖరాబైందేమో, అది తీసేసి చూడు" అన్నాడు.

నుస్రత్‌కు ఆ మాట సబబుగా తోచింది. బక్కమ్మ ముక్కను పక్కన పెట్టి, తర్వాతి ముక్కలతో మొదలుపెట్టింది. కాసేపటికి దీప తాత కట్టయ్య లడ్డూ నోట్లో పెట్టుకుంటూ బుగ్గ ఉబ్బి ఆగిపోయాడు. వజీరా రాట్నం వదిలి దగ్గరకు వచ్చింది.

"ఈయనెవరు?"

"ఆమె పెనిమిటి."

"జర నమలనియ్యే పాపం."

నుస్రత్‌కు నవ్వు వచ్చింది. అంతలోనే ఒక సంగతి కూడా అర్థమైంది. ఫైలు తప్పు కాదు. ఏ ముక్క దగ్గరైనా ఆగుతోంది. బక్కమ్మ దగ్గరకు వచ్చేసరికి ఆగడం ఎందుకంటే, పని మొదలుపెట్టాక అక్కడికి రావడానికి పట్టే సమయం ప్రతిసారీ దాదాపు ఒకటే.

శుక్రవారం ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని హనుమకొండలో యాదగిరి షాపుకు వెళ్ళింది. ఆమెకు ఈ ల్యాప్‌టాప్ అమ్మింది యాదగిరే. నెమ్మదస్తుడు, ఓపికగా వింటాడు. గాజు బల్ల మీద పెట్టి తెరిచి, పెళ్ళి వీడియో ఆడించాడు. పైన ఫ్యాను, పక్కన ఏసీ. బక్కమ్మ చెయ్యెత్తింది. నుస్రత్ తెరకు దగ్గరగా వంగింది. వీడియో ఆగకుండా సాగుతుండగానే యాదగిరి దాన్ని మూసేసి, "మంచిగనే ఉందిగద అక్కా" అన్నాడు.

"ఇంట్ల అట్ల కాదు తమ్మీ. ముసలామె చెయ్యి లేపంగనే ఆగిపోతాంది. మూడు రోజుల సంది అదే కథ."

"దవాఖానకు రాంగనే పిల్లలకు జరం తగ్గుతది సూడు, గట్లుంది దీని కథ."

అయినా అతను తేలికగా వదల్లేదు. డిస్కు పరీక్షించాడు. అడుగున ఉన్న చిన్న మూత తీసి ర్యామ్ తుడిచి పెట్టాడు. వైరస్ ఉందేమో చూశాడు. విండోస్ కొత్తగా ఎక్కించి, మిక్సింగ్ సాఫ్ట్‌వేర్ కూడా తిరిగి వేశాడు. సాయంత్రం దాకా పెద్ద పెద్ద ఫైళ్ళు నడిపించి చూశాడు. ఎక్కడా ఆగలేదు. "ఇగ ఫికర్ లేదక్కా, తీస్కపో. నేను రేపు ఏటూరునాగారం పోతాన, మా అక్కోళ్ళ కొత్తింటి గృహప్రవేశం. ఏమన్న ఉంటే ఫోన్ చెయ్" అన్నాడు.

శనివారం పొద్దున నుస్రత్ ఎప్పటిలాగే కిటికీ కింద కూర్చుని పని మొదలుపెట్టింది. ఎప్పటిలాగే బక్కమ్మ చెయ్యెత్తి నిలబడిపోయింది.

అప్పుడు నుస్రత్‌కు కోపం రాలేదు. పట్టుదల వచ్చింది. షాపులో నడిచేది ఇంట్లో ఎందుకు నడవదు? మిషన్ అదే, ఫైలు అదే, చేతులూ అవే. మారింది చోటు ఒక్కటే. ల్యాప్‌టాప్‌ను రెండు చేతులతో పైకి లేపింది. వెంటనే కింద పెట్టేసింది. అడుగు రొట్టెల పెనంలా కాలుతోంది. కింద ఉన్న జంపఖానా మడత కూడా వెచ్చగా ఉంది. షాపులో గాజు బల్ల, ఇక్కడ దూదిలాంటి మడత. గాలి పీల్చుకోవడానికి అడుగున ఉన్న సందులన్నీ ఆ మడతలో కూరుకుపోయి ఉన్నాయి.

"అమ్మీ, పిండి జల్లెడ ఇస్తవా?"

వజీరా ఎందుకని అడక్కుండానే తెచ్చింది. నుస్రత్ పీట వేసి, దాని మీద జల్లెడ బోర్లించి, పైన ల్యాప్‌టాప్ పెట్టింది. కాస్త చల్లారనిచ్చి మళ్ళీ నడిపించింది. మగ్గం ఆగింది. రాట్నం ఆగింది. ముగ్గురూ తెరకేసి చూస్తున్నారు. బక్కమ్మ చెయ్యెత్తింది. ఎత్తిన కాలు కింద పెట్టింది. పక్కకు తిరిగింది. రెండో చెయ్యి కూడా ఎత్తింది. ఆగిపోయింది.

"ముందటికి వోయింది," అన్నాడు కరీముద్దీన్, ఊళ్ళో ఎన్నికల ఫలితం చెప్పినంత సంబరంగా.

"రెండో చెయ్యి గూడ లేపింది," అంది వజీరా. "ఇగ నాలుగు జల్లెడలు వెడ్తే ఇంటికే వస్తది."

వేడే అసలు సంగతి అని తేలింది. కాని జల్లెడతో పూర్తిగా తీరలేదు కాబట్టి లోపల ఇంకేదో ఉంది. నుస్రత్ దగ్గరలోని వేరే షాపులకు ఫోన్ చేసింది. విడిచిపెట్టి పొండి, సోమవారం చూస్తామన్నారు. రిసెప్షన్ ఆదివారం. ఇక యాదగిరికే వీడియో కాల్ చేసింది. ఏటూరునాగారంలో అతను సిగ్నల్ కోసం ఇంటి డాబా ఎక్కి మాట్లాడాడు. వెనక అడవి పచ్చగా కనిపిస్తోంది.

జల్లెడ సంగతి విని యాదగిరి గట్టిగా నవ్వాడు. "మంచి పని చేసినవక్కా. పక్కకు సందు ఉంటది సూడు, ఆడికెల్లి వేడి గాలి బయటికి రావాలె. వస్తాందా?"

నుస్రత్ చెయ్యి పెట్టి చూసింది. తెలియలేదు. వజీరా ఒళ్ళో ఉన్న నూలు పోగొకటి తెంపి ఇచ్చింది. దాన్ని సందు ముందు వేలాడదీశారు. లోపల ఫ్యాను గొంతు చించుకుంటున్నా, పోగు మాత్రం కదల్లేదు.

"గాలి వస్తలేదు తమ్మీ."

"అయితే ఫ్యాన్ కాడ బందైంది. నిన్న నేనే చూడాల్సింది. మా దగ్గర మంచిగ నడిచిందని పెద్ద మూత తియ్యలే. ఇప్పుడు నువ్వే తియ్యాలె."

"నేనా?"

"పెండ్లిళ్ళు ముక్కలు చేసి కుట్టేదానివి, నీకిదెంత? నేను చెప్తా. చార్జర్ తీసెయ్, బంద్ చెయ్, జర చల్లగ కానీ."

నుస్రత్ ల్యాప్‌టాప్ ఆపింది, కాని మూత మీద చెయ్యి వేయలేదు. ఇది పాడైతే రేపటి రిసెప్షనే కాదు, వచ్చే నెల పెళ్ళిళ్ళన్నీ ఆగిపోతాయి. కరీముద్దీన్ లేచి, కుట్టుమిషన్ డబ్బా తెచ్చి, అందులోంచి సన్న స్క్రూడ్రైవర్ తీసి ఆమె ముందు పెట్టాడు. "మగ్గం మొదటిసారి ఇప్పినప్పుడు నేను గూడ ఇట్లనే భయపడిన బేటా. ఏదేడికెల్లి తీసినవో యాద్ పెట్టుకుంటే సాలు" అన్నాడు. యాద్ పెట్టుకునే పని వజీరా తీసుకుంది. మిఠాయి డబ్బా మూత మీద ల్యాప్‌టాప్ ఆకారం గీసి, ఏ మూల స్క్రూ తీస్తే ఆ మూల అట్టలో గుచ్చుతూ కూర్చుంది.

పెద్ద మూత సులభంగా రాలేదు. "గోరుతోని అంచు పొంటి మెల్లగ లేపుకుంట రా. టక్‌మంటది, భయపడకు" అని యాదగిరి చెప్పాడు. టక్‌మన్నది. వజీరా బిస్మిల్లా అంది. మూత చేతిలోకి వచ్చింది.

"ఇగ బ్యాటరీ వైరు తియ్యాలె. నల్లగ ఉంటది, దాన్ని..." అంటూ యాదగిరి నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయాడు. వెనక కొమ్మ మీది పక్షి కూడా ఆగిపోయింది.

ముగ్గురూ ఫోన్ వంక చూశారు.

"ఈయన గూడ హ్యాంగ్ అయిండు," అంది వజీరా. ఆ తర్వాత చాలాసేపు ఎవరూ ఏమీ చేయలేకపోయారు. కరీముద్దీన్ కళ్ళు తుడుచుకుని నవ్వాడు. నుస్రత్ నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది. ఆ నవ్వులో ఆమె భయమంతా ఎక్కడికో పోయింది. నల్లగా ఉన్న వైరు ఒక్కటే కనిపిస్తోంది. దాన్ని వేళ్ళతో పట్టి నెమ్మదిగా ఊడదీసింది. యాదగిరి కదిలి, "...ముందుగాల గది తియ్యాలె" అని మాట పూర్తిచేశాడు. "తీసిన" అంది నుస్రత్.

ఫ్యాను చిన్నది, అరచేతిలో పట్టేంత. దాని పక్కన వేడి బయటికి పోవడానికి దువ్వెన పళ్ళలాంటి సన్నని రేకులున్నాయి. ఫ్యానుకూ ఆ రేకులకూ మధ్య ఏదో మెత్తగా, మందంగా అడ్డం పడుకుని ఉంది. తెగిన పోగులు లాగడానికి కరీముద్దీన్ వాడే చిన్న పట్టుకారుతో నుస్రత్ ఒక కొస పట్టి లాగింది. పట్టీలాగా మొత్తం ఒక్కటే ముక్కగా వచ్చింది. నూలు పీచు. మగ్గం మీద నుంచీ రాట్నం మీద నుంచీ గాలిలోకి లేచిన పీచునంతా ఫ్యాను లోపలికి పీల్చి, రేకుల దగ్గర పొర మీద పొరగా పేర్చింది. పైన ఎరుపు, దాని కింద ఆకుపచ్చ, మళ్ళీ నీలం, అడుగున పసుపు.

వజీరా దాన్ని అరచేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టింది.

"ఈ ఎర్రది మొన్నటి కాజీపేట ఆర్డర్‌ది. ఈ పచ్చది రంజాన్‌కు ముందు నమాజు చేసెటందుకు నేసిన జానమాజులది, యాదికుందా?"

"నీలం బడి పిల్లలు కూసునేటందుకు నేసిన పట్టీలది," అన్నాడు కరీముద్దీన్. వేలితో అడుగు పొర తాకి చూశాడు. "ఈ పసుపు ఏందే? మనం పసుపు ఎప్పుడేసినం?"

"నా చెల్లె కొడుకు పెండ్లికి పూల అంచుతోని ఒకటి నేసి ఇస్తిమి గద."

"అవునవును. ఏడాది పని మొత్తం ఇది లోపల నేసుకుంట కూసుంది."

యాదగిరి ఫోన్లోంచి, "నాకు జర దగ్గరికి పెట్టి చూపెట్టుండ్రి" అని అడిగాడు. చూపించారు. "నా సర్వీసుల గింత రంగుల బూజు ఎన్నడు చూడలే," అన్నాడు. "దాన్ని పారెయ్యకుండ్రి, షాపుల పెట్టుకుంట."

మిగిలిన పీచును నుస్రత్ పట్టుకారుతో ఏరింది. మజర్ కెమెరా లెన్సు మీది దుమ్ము ఊదడానికి వాడే రబ్బరు బుగ్గ తెచ్చి, రేకుల మధ్య నుంచి గాలి కొట్టింది. ఫ్యానును వేలితో తిప్పితే ఇప్పుడు చక్కగా తిరుగుతోంది. మూత పెట్టి, వజీరా అందిస్తున్న స్క్రూలు ఒక్కొక్కటే బిగించింది. అన్నీ అయ్యాక అట్ట పక్కన ఒక స్క్రూ మిగిలింది. వజీరా గీసిన బొమ్మతోనూ ల్యాప్‌టాప్‌లో ఉన్న రంధ్రాలతోనూ ఎంత పోల్చినా దాని చోటు దొరకలేదు.

"తమ్మీ, ఒకటి మిగిలింది," అంది నుస్రత్ కంగారుగా.

"ఒకటి మిగలకపోతే అది రిపేరే కాదక్కా. దాచిపెట్టు, సోమవారం చూద్దాం. ఇగ ఆన్ చెయ్."

తెర వెలిగింది. లోపల ఫ్యాను పెద్దగా గోల చేయకుండా తిరుగుతోంది. వజీరా అడక్కుండానే నూలు పోగు సందు ముందు పట్టింది. పోగు ఎగిరింది. నుస్రత్ బారాత్ దగ్గర నుంచి నడిపించింది. కరీముద్దీన్ మగ్గం దగ్గరకు వెళ్ళలేదు, కోడలి వెనకే నిలబడ్డాడు.

బక్కమ్మ దిగింది. కొంగు బిగించింది. చెయ్యెత్తింది, కాలు మార్చింది, తిరిగింది, రెండో చెయ్యెత్తింది. ఈసారి ఆగలేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆమె గుంపును చీల్చుకుంటూ అరుగు వైపు నడిచింది. ఈ ముక్క చివర ఏముందో నుస్రత్ కూడా అప్పటిదాకా చూడలేదు. అరుగు మీద కట్టయ్య చేతులు కట్టుకుని, వీళ్ళకేమైనా పిచ్చా అన్నట్టు కూర్చుని ఉన్నాడు. బక్కమ్మ ఆయన భుజం మీది తువ్వాలు పట్టి లాగింది. ఆయన రానని తల ఊపాడు. ఆమె ఇంకోసారి లాగింది. ఆయన లేచి, ఇటూ అటూ చూసి, డప్పుకు తగ్గట్టు ఒక అడుగు వేశాడు. తర్వాత ఇంకోటి. తర్వాత ఇక ఆయన్ని ఎవరూ ఆపలేకపోయారు. తువ్వాలు గాలిలో తిప్పుతూ భార్య చుట్టూ తిరిగాడు. దీప పల్లకీ లాంటి బండి దిగి వచ్చి తాత చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల నవ్వుతూనే ఏడుస్తోంది.

వజీరా కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఇంత మంచి ముచ్చట దాచుకోని నాలుగు దినాలు మమ్మల్ని సతాయించినవా అక్కా" అంది తెరతో. కరీముద్దీన్ కోడలి వైపు వంగాడు. అదే ముక్క ఇంకోసారి వేయమని అడిగాడు.

ఆ రోజంతా నుస్రత్ కదలకుండా పని చేసింది. బారాత్‌కు పాట వేయలేదు. డప్పు చప్పుడునే ఉంచింది, దాని మధ్యలో ఆడవాళ్ళ నవ్వులు వినపడేలా సరిచేసింది. సాయంత్రానికి వీడియో తయారైంది.

మామూలుగా నుస్రత్ తాను చేసిన పెళ్ళిళ్ళకు వెళ్ళదు. ఈసారి వజీరా ఊరుకోలేదు. "నేను ఆమెను సూడాలె. పిలువకపోయినా సరే, పోతా" అంది. మజర్ మొహమాటపడుతూ ఓంప్రకాశ్‌ను అడిగితే, అతను సంతోషంగా అందరినీ రమ్మన్నాడు. ఆదివారం సాయంత్రం మంచి బట్టలు కట్టుకుని ఆటోలో ఫంక్షన్ హాల్‌కి వెళ్ళారు.

తెర గోడంత ఉంది. బక్కమ్మ చెయ్యెత్తగానే హాలంతా ఈలలు. కట్టయ్య అరుగు దిగేసరికి నెక్కొండ నుంచి వచ్చినవాళ్ళు కుర్చీల్లోంచి లేచారు. ముందు వరుసలో ఉన్న అసలు కట్టయ్య తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. పక్కన బక్కమ్మ తనను తాను చూసుకుంటూ, "ఇది నేనేనా? గింత మంచిగ ఆడిన్నా?" అని పక్కవాళ్ళను అడుగుతోంది. నుస్రత్ గోడ దగ్గర నిలబడి తెర వైపు చూడటం మానేసి, చూసేవాళ్ళ ముఖాలు చూసింది. ఇన్నేళ్ళలో తన పనిని మనుషులు చూస్తుండగా చూడటం ఆమెకు అదే మొదటిసారి. ఏ నవ్వు ఎక్కడ వస్తుందో ఆమెకు తెలుసు. ఒక్కో నవ్వు తాను పెట్టిన చోటే వస్తుంటే ఆమె గుండె నిండిపోయింది.

వీడియో అయిపోగానే వజీరా నేరుగా వెళ్ళి బక్కమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

"అక్కా, మంచిగున్నవా? కాలు నొస్తలేదు గద?"

బక్కమ్మ ఆమె ముఖంలోకి పరీక్షగా చూసింది. "మంచిగనే ఉన్న చెల్లె. నువ్వెవరో యాదికి వస్తలేదు. నన్ను నీకెట్ల ఎర్క?"

"ఎర్క లేకపోవుడేంది? బుధారం సంది మా ఇంట్లనే ఉన్నవు. చాయ్ తాగుమంటే తాగకపోతివి."

బక్కమ్మ బిత్తరపోయి మనవరాలి వైపు చూసింది. నుస్రత్ పరుగున వచ్చి జరిగినదంతా చెప్పింది, చెయ్యెత్తి నిలబడిపోయిన సంగతి, జల్లెడ సంగతి, లడ్డూ నమలలేక ఆగిపోయిన కట్టయ్య సంగతి. వింటూ వింటూ బక్కమ్మ కడుపు పట్టుకుని కుర్చీలో కూలబడింది. కట్టయ్య తువ్వాలు తీసి, "ఆ లడ్డు మొత్తానికి మింగిన్నా లేదా?" అని గంభీరంగా అడిగాడు. మింగారని నుస్రత్ చెప్తే, అయితే సరే అన్నాడు. భోజనాల దగ్గర వజీరా, బక్కమ్మ పక్కపక్కనే కూర్చున్నారు. లేచేసరికి కుర్చీలు సర్దేవాళ్ళు వచ్చేశారు.

మరుసటి రోజు కరీముద్దీన్ మగ్గం పక్కన ఉన్న పాత చెక్కలతో ఒక బల్ల కొట్టి, మగ్గానికి దూరంగా వెనక గది కిటికీ దగ్గర వేశాడు. జంపఖానాల మీద ల్యాప్‌టాప్ పెట్టడం ఆ ఇంట్లో ఆగిపోయింది. యాదగిరి వచ్చి ల్యాప్‌టాప్‌ను ఇంకోసారి శుభ్రం చేసి, మిగిలిన స్క్రూ దేనిదో వెతికాడు. ఆ స్క్రూ కరీముద్దీన్ తెచ్చిన కుట్టుమిషన్ డబ్బాలోంచి పడిందని తేలింది. రంగుల పీచు పట్టీని కాగితంలో చుట్టుకుని తీసుకెళ్ళాడు.

వానాకాలం మొదలయ్యాక వజీరా, కరీముద్దీన్ రైలెక్కి నెక్కొండ వెళ్ళారు. రెండు రోజులుండి, సంచి నిండా మక్కకంకులతో, పచ్చిమిరపకాయలతో వచ్చారు. ఇప్పుడు వారానికోసారైనా బక్కమ్మ ఫోన్ వస్తుంది. వజీరా రాట్నం ఆపి, స్పీకర్ పెట్టి, నెక్కొండ దాకా వినపడేంత గట్టిగా మాట్లాడుతుంది. వెనక గదిలో నుస్రత్ ఎవరి పెళ్ళిదో మంత్రాల శబ్దం సరిచేస్తూ చెవులకు హెడ్‌ఫోన్లు గట్టిగా నొక్కుకుంటుంది. అయినా లోపలికి వినిపిస్తూనే ఉంటుంది, మిర్చి తోటకు నీళ్ళు పెట్టిన ముచ్చట, కట్టయ్య మోకాళ్ళ నొప్పి ముచ్చట, దీప కొత్త కాపురం ముచ్చట. "అమ్మీ, జర మెల్లగ" అని ఒకసారి కేకేస్తుంది. వాళ్ళు తగ్గించరు. ఇక హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టి, తానూ వెళ్ళి ఫోన్ దగ్గర కూర్చుంటుంది.